జొన్న రొట్టె విరగకుండా, చల్లారినా మెత్తగా ఉండాలంటే

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇంట్లో ఇద్దరికి షుగర్. రాత్రిపూట అన్నం మానేసి జొన్న రొట్టె తిందామనుకున్నారు. ప్యాకెట్ పిండి, గోరువెచ్చని నీళ్లు, చపాతీ కర్ర. ఒత్తుతుండగానే అంచులు చీలుతున్నాయి, పీట మీంచి తీయబోతే సగానికి విరుగుతోంది, పెనం మీద పగుళ్లు వస్తున్నాయి, చల్లారాక అట్టముక్కలా అవుతోంది. సగం గోధుమ పిండి కలిపితే కుదురుతోంది కానీ, అలాంటప్పుడు జొన్న తిని లాభమేమిటని సందేహం.

రొట్టె నిలవడానికి గోధుమ పిండి అక్కర్లేదు. మీరు చెప్పిన నాలుగు లోపాల్లో మూడింటికి మూలం రెండే: పిండి పాతది, నీళ్లు మరగలేదు. చెయ్యి తిరగకపోవడం తర్వాతి సంగతి. రొట్టె రాకపోతే అందరూ ముందు తమ చేతినే తిట్టుకుంటారు. కొత్తగా పట్టించిన పిండిలో మసిలే ఎసరు పోసి కలిపితే, మొదటిసారి చేసేవాళ్లకు గుండ్రంగా రాకపోవచ్చు గానీ విరిగి మాత్రం పోదు.

గోధుమ పిండికి నీళ్లు తగిలి నాలుగుసార్లు పిసికేసరికి గ్లూటెన్ ఏర్పడి సాగుతుంది. జొన్నలో ఆ గుణం లేదు. జొన్న మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం కాఫిరిన్. అది నీళ్లతో కలవదు, సాగదు. అందుకే చల్లటి నీళ్లతో గంటసేపు మర్దించినా ముద్ద కడుతుందే గానీ పట్టు రాదు. జొన్న పిండిని పట్టి ఉంచేది గంజి ఒక్కటే. గంజి రేణువులు సుమారు 70 డిగ్రీల వేడి తగిలితేనే నీళ్లు పీల్చి ఉబ్బి జిగురవుతాయి. అంత వేడి తగలకపోతే విడివిడిగానే ఉండిపోతాయి.

చిన్న లెక్క వేస్తే సంగతి తెలిసిపోతుంది. పావు కిలో పిండి 28 డిగ్రీల గది వేడిలో ఉందనుకోండి. అందులో సలసల మరిగే నీళ్లు 240 మి.లీ. పోస్తే కలిసిన ముద్ద దాదాపు 77 డిగ్రీలకు చేరుతుంది. అదే నీళ్లు 80 డిగ్రీలకు చల్లారాక పోస్తే ముద్ద 64 దగ్గరే ఆగిపోతుంది. స్టవ్ ఆపేసి, ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడి వచ్చి పోస్తే జరిగేది ఇదే. నీళ్లు ఇంకా పొగలు కక్కుతూనే ఉంటాయి కాబట్టి వేడిగానే పోశామనుకుంటాం. పిండిని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వాడినా ఇదే చిక్కు: మరిగే నీళ్లు పోసినా ముద్ద 70కి కాస్త దిగువనే తేలుతుంది, చల్లటి స్టీలు పళ్లెం ఇంకొంచెం వేడి లాక్కుంటుంది. ఫ్రిజ్ పిండి అయితే కలపడానికి గంట ముందే బయట పెట్టండి. కలిపే గిన్నెను వేడి నీళ్లతో ఓసారి తొలిపి తుడవండి.

ఇక పిండి. వీలైతే ప్యాకెట్ మాని గింజ కొని పట్టించుకోండి. రొట్టెకు రబీ జొన్న మేలు. సెప్టెంబరు, అక్టోబరుల్లో నల్లరేగడిలో విత్తి ఫిబ్రవరి, మార్చిల్లో కోస్తారు కాబట్టి గింజ పొడి వాతావరణంలో పండుతుంది. షోలాపూర్ వైపు నుంచి వచ్చే మాల్దండి రకం ఇలాంటిదే, పాత ఎం 35-1 రకం. ముత్యంలా తెల్లగా, నున్నగా, బరువుగా ఉంటుంది. ఖరీఫ్ జొన్న కోతకొచ్చే వేళకు వానలు పడితే గింజకు బూజు పట్టి నల్లటి చుక్కలు మిగులుతాయి. ఆ గింజతో చేసిన రొట్టె రంగు మారుతుంది, ముక్క వాసన వస్తుంది. అంగట్లో గుప్పెడు తీసుకుని చూస్తే చుక్కలు కనబడతాయి, ఒక గింజ కొరికితే టక్కుమనాలి. తెలంగాణలో, రాయలసీమలో దొరికే పచ్చజొన్న కాస్త పసుపు రంగులో ఉంటుంది, రుచి కమ్మగా ఉంటుంది. దొరికితే వదలకండి.

ఇద్దరికి ఒకపూట చొప్పున రెండు కిలోలు పట్టిస్తే రెండు వారాలకు సరిపోతుంది. అంతకు మించి పట్టించకండి. చేటలో చెరిగి, రాళ్లు ఏరి, అరపూట ఎండలో పోసి గిర్నీకి తీసుకెళ్లండి. మెత్తగా ఆడించమనండి. వేళ్ల మధ్య రుద్దితే రవ్వ తగలకూడదు. రవ్వ ఉంటే అంచు అక్కడే చీలుతుంది. మిరపకాయలో పసుపో ఆడించిన వెంటనే మీది పోయనివ్వకండి. బియ్యమో జొన్నలో అయ్యాక పోయించుకోండి. ఇంట్లో గ్లూటెన్ పడనివాళ్లుంటే గోధుమలు ఆడే మర అసలు పనికిరాదు, ఇంట్లోనే మిక్సీలో పట్టుకోవాలి. మర నుంచి వచ్చిన పిండి వేడిగా ఉంటుంది. అలాగే డబ్బాలో పోసి మూత పెడితే లోపల చెమ్మ పట్టి ముక్కిపోతుంది, పురుగూ త్వరగా పడుతుంది. వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి. సన్న జల్లెడతో జల్లించి తవుడంతా తీసేయకండి, పీచు ఉండేది అందులోనే. పెద్ద కన్నాల జల్లెడ చాలు.

గింజలో మొలక దగ్గర కొవ్వు ఉంటుంది. గింజ పగలనంత వరకు అది భద్రం. పిండి చేయగానే గాలి తగిలి చెడడం మొదలవుతుంది. పాత పిండి చేదెక్కడానికి అదే కారణం. రొట్టె పట్టు కూడా రోజురోజుకీ తగ్గుతుంది. వారం పది రోజుల్లోపు పిండి రొట్టెకు శ్రేష్ఠం. మూడు వారాలు దాటాక తేడా చేతికే తెలుస్తుంది, ఎండాకాలంలో ఇంకా ముందే. ప్యాకెట్ కొనక తప్పకపోతే ఎప్పటివరకు వాడవచ్చో కాదు, ఎప్పుడు ప్యాక్ చేశారో చూడండి. ఆ తేదీ నెల దాటితే రొట్టెకు కొనవద్దు.

ఇంట్లో ఉన్న పిండి పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి రెండు నిమిషాల పరీక్ష ఉంది. రెండు పెద్ద చెంచాల పిండిలో ఒక పెద్ద చెంచా మరిగే నీళ్లు పోసి, చెంచాతోనే కలిపి, నిమ్మకాయంత కూడా కాని ఆ ముద్దను అరచేతిలో బాగా మెదిపి ఉండ చేయండి. బొటనవేలితో బిళ్లగా నొక్కండి. అంచు నున్నగా నిలిస్తే పిండి మంచిదే. సన్నటి నెర్రెలు వస్తే ఇంకాస్త నీళ్లు అద్ది మళ్లీ మెదిపి చూడండి. అప్పుడూ చీలితే పిండి పాతది, దాంతో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు.

కలపడంలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది పిండిలో నీళ్లు పోయడం. పావు కిలో పిండిని (240 మి.లీ. కప్పుతో వదులుగా కొలిస్తే దాదాపు రెండు కప్పులు) పళ్లెంలో పోసి మధ్యలో గుంట చేయాలి. చిటికెడు ఉప్పు వేసిన నీళ్లను బుడగలు పొర్లుతుండగానే 200 మి.లీ. కొలిచి ఆ గుంటలో పోసి, గరిటె కాడతో కలిపి, మూత పెట్టి అయిదు నిమిషాలు వదిలేయాలి. తర్వాత చెయ్యి పెట్టగలిగినంత వేడి ఉండగా, మిగతా 30, 40 మి.లీ. వేడి నీళ్లు కొద్దికొద్దిగా అద్దుకుంటూ పిసకాలి.

రెండోది ఎసట్లో పిండి పోయడం. దీనికి నీళ్లు ఎక్కువ పడతాయి: పావు కిలో పిండికి 300 నుంచి 320 మి.లీ. మందపాటి గిన్నెలో నీళ్లు, ఉప్పు, అర చెంచా నూనె వేసి ఎసరు మసలాక మంట తగ్గించి, పిండి మొత్తం ఒకేసారి గుమ్మరించాలి. గరిటె కాడతో అయిదారు తిప్పులు తిప్పి, పొడి పిండి కనబడకుండా కలిపి, స్టవ్ ఆపి మూత పెట్టి పది నిమిషాలు ఉంచాలి. ఇందులో గంజి ఎక్కువగా ఉడుకుతుంది కాబట్టి ముద్దకు పట్టు బాగా వస్తుంది, చపాతీ కర్రతో ఒత్తినా నిలుస్తుంది. రొట్టె చల్లారాక కూడా మెత్తగానే ఉంటుంది. కొత్తవాళ్లకు, కర్ర వదలలేనివాళ్లకు ఇదే నా సలహా. దీని లోపం ఒకటుంది: కాస్త ఎక్కువ ఉడికినా సంకటిలా అయి పీటకు అంటుకుంటుంది, రొట్టె తింటుంటే పళ్లకు చుట్టుకుంటుంది. అలా అయితే రెండు మూడు చెంచాల పొడి పిండి కలిపి సరిచేయండి. చేత్తో తట్టడం అలవాటైనవాళ్లు మొదటి పద్ధతినే ఇష్టపడతారు. జొన్న వాసన, రుచి అందులోనే నిండుగా ఉంటాయి.

నీళ్ల కొలతలు ఉజ్జాయింపే. గింజ రకాన్ని బట్టి, మరను బట్టి పావు కిలోకు 30 మి.లీ. అటూ ఇటూ అవుతుంది. అసలు కొలత చేతిలో తెలియాలి: ముద్ద చపాతీ పిండికన్నా మెత్తగా ఉండాలి, అరచేతికి అంటకూడదు.

ఇప్పుడు మెదపడం. చాలామంది తొందరపడేది ఇక్కడే. మొత్తం ముద్దను ఓసారి కలిపేసి ఉండలు చేసి పెట్టుకుంటే మూడో రొట్టె దగ్గరికి వచ్చేసరికి పిండి చల్లారి బిగుసుకుంటుంది. ఉడికిన గంజి చల్లారితే గట్టిపడడం సహజం. కాబట్టి ముద్దను తడిగుడ్డ కింద ఉంచి, ఒక రొట్టెకు సరిపడా పిండే తీసుకుని, అరచేతి మడమతో ముందుకు తోస్తూ వెనక్కి మడుస్తూ కనీసం ఒక నిమిషం మెదపాలి. చెయ్యి తడి చేసుకుంటూ ఉండండి. మొదట్లో గరుకుగా ఉన్న పిండి వెన్నలా నునుపు తేలుతుంది. అప్పుడు ఉండ చేసి, చుట్టూ ఒక్క నెర్రె కూడా లేకుండా రెండు చేతుల మధ్య దొర్లించాలి. ఉండ మీద నెర్రె ఉంటే అది రొట్టెలో చీలికవుతుంది, తట్టేటప్పుడు మూద్దామంటే మూసుకోదు.

మొదట్లో చిన్నవే చేయండి. 65, 70 గ్రాముల ఉండతో ఆరంగుళాల రొట్టె వస్తుంది, మందం మూడు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. చెయ్యి కుదిరాక వంద గ్రాముల ఉండతో ఎనిమిది అంగుళాలకు వెళ్లవచ్చు.

పీట మీద గుప్పెడు పొడి పిండి చల్లి, దాని మీద ఉండ పెట్టి, ముందు వేళ్లతో రెండంగుళాల మేర వెడల్పు చేయాలి. తర్వాత కుడి అరచేతితో మెల్లగా తడుతూ ఉంటే రొట్టె తనంతట తానే తిరగాలి. ఎడమ చేతి వేళ్లను అంచు పక్కన ఆనించి ఉంచాలి, అంచు పగలకుండా ఆపేది ఆ వేళ్లే. రొట్టె తిరగడం ఆగిందంటే కింద పిండి చాల్లేదని గుర్తు. బలవంతంగా తట్టకుండా, అంచు ఎత్తి కింద ఇంకాస్త చల్లండి. మధ్యలో పలచగా, అంచున మందంగా కాకుండా చూసుకోవాలి. కొత్తవాళ్లకు మామూలుగా దీనికి తిరగబడి వస్తుంది: అంచు పలచబడి మధ్య దిమ్మలా మిగులుతుంది, అలాంటిది పొంగదు. తట్టడం రానే రాదనుకుంటే మందపాటి ప్లాస్టిక్ కవరును కోసి పరిచి, చెయ్యి తడి చేసుకుంటూ దాని మీద అదమండి, లేదా అరిటాకు ముక్క వాడండి. పొడి పిండి అక్కర్లేదు. వేడి పెనం మీద కవరు ఆననివ్వకుండా ముందు రొట్టెను అరచేతి మీదికి బోర్లించుకోవాలి. కర్ర వాడితే మధ్య నుంచి అంచుకు, బరువు వేయకుండా, అంచు దాకా వెళ్లకుండా ఆపాలి.

పెనం ఇనుపదే కావాలి, మందంగా ఉండాలి. నాన్‌స్టిక్ పెనాన్ని రొట్టెకు కావలసినంత వేడి చేయడం దాని పూతకు మంచిది కాదు, పైగా వేడి నిలవదు. పెనం సరిగ్గా కాగిందా అని చూడడానికి నీటి చుక్క వేయండి. చుయ్‌మని రెండు మూడు సెకన్లలో ఆవిరైపోవాలి. పెనం మీదే తాపీగా ఉడుకుతూ కూర్చుంటే ఇంకా కాగలేదని అర్థం. పొడి పిండి చల్లితే వెంటనే నల్లబడితే కాగింది ఎక్కువ.

రొట్టెను రెండు అరచేతుల మీదికి తీసుకుని, పొడి పిండి అంటిన వైపు పైకి వచ్చేలా పెనం మీద వేయాలి. వేసిన వెంటనే, పది సెకన్లలోపు, తడిగుడ్డతో గానీ వేళ్లతో గానీ పైన అంతటా నీళ్లు పూయాలి. అంచులు మరిచిపోకండి. ఈ నీళ్లు రెండు పనులు చేస్తాయి: పొడి పిండిని తడిపి రొట్టెలో కలిపేస్తాయి, పైపొర ఎండి పగలకుండా ఆపుతాయి. మీకు పెనం మీద పగుళ్లు వస్తున్నది ఈ పని చేయకపోవడం వల్లే. పైన తడి మెరుపు పోయి, వేలు తాకిస్తే అంటనప్పుడు, అంటే సుమారు 40, 50 సెకన్లకు, అట్లకాడతో తిప్పేయాలి. మెరుపు ఉండగానే తిప్పితే తడిపిన వైపు పెనానికి పట్టేస్తుంది. మరీ ఆలస్యం చేస్తే పైన చెరువు నెర్రెలు.

రెండో వైపు మధ్య మంట మీద నిమిషం పైన పడుతుంది. అక్కడక్కడ గోధుమ రంగు మచ్చలు రావాలి. మళ్లీ తిప్పి, మడిచిన గుడ్డతో అంచుల చుట్టూ నొక్కుతూ పోతే మధ్యలో పొంగుతుంది. గ్యాస్ మంట మీద నేరుగా పెట్టినా పొంగుతుంది, అయితే పట్టుకారుతో తిప్పుతూ పది పదిహేను సెకన్లు మాత్రమే. ఒక రొట్టెకు మొత్తం మూడు నిమిషాల లోపు అయిపోవాలి. సిమ్‌లో అయిదారు నిమిషాలు కాల్చితే పచ్చి ఉండదనుకుంటారు. నిజానికి నీరంతా ఆవిరై గట్టిపడేది అప్పుడే.

పొంగకపోతే రొట్టె పాడైనట్టు కాదు. ఎక్కడో సన్నటి చిల్లు పడి ఆవిరి పోయిందనో, మందం సమంగా లేదనో అర్థం. రుచిలో పెద్ద తేడా ఉండదు, పూర్తిగా కాలిందో లేదో మాత్రం చూసుకోండి. కాలిందని మధ్యలో తుంచితే తెలుస్తుంది, లోపల తడిసి ముద్దగా కనబడకూడదు. ప్రతి రొట్టె అయ్యాక పెనం మీద రాలిన పొడి పిండిని గుడ్డతో తుడిచేయండి. వదిలేస్తే అది మాడి తర్వాతి రొట్టెకు చేదు పట్టిస్తుంది.

మీ నాలుగో ఫిర్యాదు, చల్లారితే గట్టిపడడం. పెనం మీంచి తీసిన రొట్టెను పళ్లెంలో విడిగా పెట్టకండి. కింద గుడ్డ పరిచిన వెదురు గంపలోనో డబ్బాలోనో ఒకదాని మీద ఒకటి పేర్చి, గుడ్డ పైన కప్పాలి. ఆవిరి గుడ్డ పీలుస్తుంది, మెత్తదనం రొట్టెలో ఉండిపోతుంది. గుడ్డ లేకుండా స్టీలు డబ్బాలో మూత పెడితే చెమ్మ దిగి కింది రొట్టె నానిపోతుంది. నూనెతో ఎసట్లో కలిపిన రొట్టె ఇలా పెడితే నాలుగైదు గంటలు మెత్తగా ఉంటుంది, ఆఫీసు డబ్బాకు పనికొస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం వద్దు, గంజి ఆ చల్లదనంలోనే అన్నిటికన్నా వేగంగా బిగుసుకుంటుంది.

ఇప్పుడు షుగర్ సంగతి, దాంతో పాటు మీ గోధుమ పిండి సందేహం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల జొన్నల్లో మాంసకృత్తులు దాదాపు 10 గ్రాములు, పీచు దాదాపు 10 గ్రాములు. తెల్ల బియ్యంలో మాంసకృత్తులు 8, పీచు 3 గ్రాముల లోపే. అన్నం స్థానంలో జొన్న రొట్టె వస్తే లాభం స్పష్టంగా ఉంది. కానీ తవుడు తీయని గోధుమ పిండిలో మాంసకృత్తులు పదిన్నర, పీచు 11 గ్రాములు. అంటే పీచు కోసమే అయితే గోధుమ రొట్టె మాని జొన్న రొట్టెకు మారినందువల్ల ఒరిగేది ఏమీ లేదు. చాలామందికి ఈ మాట రుచించదు, 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం హడావిడిలో జొన్నకు లేని మహిమలు కూడా అంటగట్టారు. జొన్న మంచి తిండి, మందు కాదు. గ్లూటెన్ పడనివాళ్లు లేని ఇంట్లో పావు వంతు గోధుమ పిండి కలిస్తే కొంపేం మునగదు. రుచి కోసం, అలవాటు కోసం ఒట్టి జొన్నతో చేసుకోండి.

షుగర్‌ను నడిపేది ఎన్ని రొట్టెలు తిన్నారన్నదే. ఆరంగుళాల రొట్టెలో పిండి 35 గ్రాముల దాకా ఉంటుంది, సుమారు 120 క్యాలరీలు. రెండు రొట్టెలు, కప్పు పప్పు, గిన్నెడు కూర, ఇది ఒక పూటకు మంచి కొలత. నాలుగు రొట్టెలు తిని అన్నం మానేశామనుకోవడంలో అర్థం లేదు. మొదటి వారం తినే ముందు, తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకుంటే మీ ఒంటికి ఎన్ని సరిపోతాయో తేలుతుంది. ఇన్సులిన్ గానీ, షుగర్ పడగొట్టే మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు రాత్రి తిండి తగ్గించే ముందు డాక్టరుకు చెప్పండి.

ఒక్క జొన్న మీదే బతకడం కూడా మంచిది కాదు. దక్కన్‌లో మూడు పూటలా జొన్న తప్ప మరొకటి దొరకని పేదల్లో ఒకప్పుడు పెల్లాగ్రా జబ్బు (నయాసిన్ అనే బి విటమిన్ లోపం వల్ల చర్మం పాడయ్యే జబ్బు) కనిపించేది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం అందుకు కారణం కావచ్చని 1960లో హైదరాబాద్ పరిశోధకులు, సి. గోపాలన్ వాళ్లు, ప్రతిపాదించారు. ఆ కారణం మీద తర్వాత వాదనలు నడిచాయి, అది వేరే కథ. పప్పు, ఆకుకూర, పెరుగు పక్కన ఉన్న పళ్లెంలో జొన్నతో ఆ భయం లేదు. పుంటికూర పప్పు, మెంతికూర పప్పు, గుత్తి వంకాయ ఏదైనా సరిపోతుంది. నిమ్మరసం పిండిన పచ్చి ఉల్లిపాయ ముక్కలు పెట్టుకోండి, అందులోని సి విటమిన్ జొన్నలోని ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే దానికి ఎదురు పని జరుగుతుంది.

కూర లేని రోజుకు పల్లీ కారం. వంద గ్రాముల పల్లీలు సన్న సెగ మీద పొట్టు ఊడేదాకా వేయించి, పొట్టు తీసేయాలి. అదే మూకుట్లో ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర వేయించాలి. పూర్తిగా చల్లారాక మిరపకాయలు, జీలకర్ర, ముప్పావు చెంచా ఉప్పు ముందు పొడి చేసి, తర్వాత పల్లీలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు వేసి మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. ఒక మనిషికి రెండు చెంచాలు చాలు, అందులో నూనె తక్కువేం లేదు.

ఇప్పుడు మీ దగ్గర మిగిలిన ప్యాకెట్ పిండి. ముక్క వాసన, చేదు ఉంటే పారేయండి. వాసన బాగుండి జిగురు మాత్రమే తగ్గి ఉంటే రెండు దారులున్నాయి: పావు కిలోకు పాతిక గ్రాముల మినప పిండి కలిపి ఎసట్లో పోసే పద్ధతిలో చేయడం, లేదా రెండు పెద్ద చెంచాల మెత్తటి అన్నం పేస్టులా మెదిపి కలపడం. అన్నం కలిపితే రొట్టె మెత్తగా వస్తుంది, షుగర్ లెక్కలో అది కూడా చేరుతుంది. ఇవేవీ ఇష్టం లేకపోతే అంబలి కాచుకోండి: లీటరు నీళ్లు మసిలాక, గ్లాసు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపిన 60 గ్రాముల పిండి పోసి, పదిహేను నిమిషాలు తిప్పుతూ ఉడికించి, చల్లారాక పలచటి మజ్జిగ, ఉప్పు కలపాలి. జిగురు లేని పిండి అంబలికి అడ్డు కాదు.

అమెరికాలోనో, ఐరోపాలోనో ఉండి ఇవి చదివేవాళ్లకు ఒక మాట. అక్కడి ఇండియన్ స్టోర్లలోని జొన్న పిండి ఓడలో వచ్చి అంగట్లో కూర్చున్నది, చాలామందికి రొట్టె రాకపోవడానికి కారణం అదే. గింజ దొరికితే గట్టి బ్లెండర్‌లో కప్పు చొప్పున పట్టి జల్లించుకోవడం మేలు. ఒకేసారి ఎక్కువ వేస్తే వేడెక్కి జారుకు అంటుకుంటుంది. గ్లాస్ టాప్ స్టవ్ మీద మంట ఉండదు కాబట్టి గుడ్డతో నొక్కి పొంగించడం ఒకటే మార్గం, అందుకు కాస్ట్ ఐరన్ పెనం బాగా పనిచేస్తుంది. ఇండక్షన్ మీద కూడా అదే పెనం. ముందు మధ్య వేడి మీద అయిదారు నిమిషాలు కాగనిచ్చి తర్వాత పెంచాలి, ఒక్కసారిగా పెంచితే మధ్యలో మాడి అంచుల్లో పచ్చిగా ఉంటుంది.

మిగిలిన రొట్టెలు మర్నాటికి గట్టిపడితే ముక్కలుగా తుంపి, నీళ్లు చిలకరించి పది నిమిషాలు ఉంచి, ఆవాలు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, కరివేపాకు పోపులో వేసి ఉప్మాలా తిప్పేయండి. కావాలనే గట్టిగా చేసుకోవాలంటే ఉత్తర కర్ణాటక వైపు చేసే కడక్ రొట్టె ఉంది: వీలైనంత పలచగా తట్టి, మామూలుగా రెండు వైపులా కాల్చాక, మంట పూర్తిగా తగ్గించి బరువైన మూతో గుడ్డ ముద్దో పెట్టి నొక్కుతూ, ఎక్కడా మెత్తదనం లేకుండా పెళుసెక్కేదాకా ఆరబెట్టాలి. గాలి తగలని డబ్బాలో అది రెండు వారాలు నిలుస్తుంది. తినే ముందు పప్పులో ముంచుకుంటే సరి.